‘మావాడిది కంచు గొంతు సార్, చేర్చుకోండి’: మగవాళ్ల బృందగానంపై అపోహలు, వాస్తవాలు

చిత్తూరులో మగవాళ్లు మాత్రమే పాడే బృందం ఒకటుందని చెబితే ఎవరైనా ముందు అడిగే మాట, "భజన బృందమా సార్?" అని. కాదనీ అనలేం, ఔననీ అనలేం. బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, ఆర్టీసీ కండక్టరు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు, రిటైరైన పెద్దలు కలిసిన గుంపు మాది. పాట ఎవరికీ వృత్తి కాదు, ఎవరికీ పైసా రాదు. మిట్టూరులో ఒక బడి హాలు సాయంత్రంపూట ఖాళీగా ఉంటుంది, అక్కడ సాధన చేస్తాం. పిలిచినచోట కచేరీ, పెట్టినచోట పోటీ. వీళ్లకు పాట నేర్పి ముందు నిలబడి చెయ్యి ఊపే పని నాది. ఏటా కొత్తవాళ్లు చేరే వేళకు అవే మాటలు వినబడతాయి కాబట్టి, జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నా.

అపోహ: మంచి గొంతులన్నీ పోగేస్తే మంచి బృందం అవుతుంది.

"మావాడిది కంచు గొంతు సార్, చేర్చుకోండి" అంటూ తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చిన అన్నలున్నారు. నిజంగా కంచు గొంతే. ఆర్కెస్ట్రాల్లో ఒంటరిగా పాడి చేయి తిరిగిన అలాంటి కుర్రాళ్లతోనే నాకు పని ఎక్కువ. పక్కవాడు ఏం పాడుతున్నాడో వాళ్లకు పట్టదు. అందరం కలిసి ఆగాల్సినచోట తమ సొంత సంగతి, అంటే పాట పంక్తికి ఒక మెరుగు, వేసి గానీ వదలరు.

నేను పెట్టే పరీక్షలో అసలు పాటే ఉండదు. శ్రుతిపెట్టె వేసి, ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి, గొంతు వణకకుండా ఒకే స్వరం మీద 'ఆ' అని నిలపమంటాను. ఇద్దరికీ పిసరంత తేడా ఉన్నా ఆ శబ్దం 'వావ్ వావ్' అంటూ ఊగడం మొదలెడుతుంది. ఇంటర్ ఫిజిక్సులో విస్పందనాలని చదువుకున్నది దీన్నే. ఒకరి గొంతు సెకనుకు 220 కంపనాల దగ్గర, రెండోవారిది 223 దగ్గర ఉంటే సెకనుకు 3 సార్లు ఊగుతుంది. తేడా తగ్గేకొద్దీ ఊపు నిదానిస్తుంది, కలిసిపోయాక పూర్తిగా ఆగుతుంది. ఎవరూ చెప్పకుండానే ఆ ఊపు విని, గొంతును సర్దుకుంటూ దాన్ని ఆపేదాకా తెచ్చే మనిషి దొరికితే ఆరోజే చేర్చుకుంటాను. అతని గొంతు సాదాసీదాదైనా ఫర్వాలేదు. చెవి ఉన్నవాడికి గొంతు నేర్పొచ్చు. గొంతు ఉందన్న ధీమాతో చెవి మూసుకున్నవాడితో వేగడం కష్టం.

అపోహ: మగవాళ్లందరిదీ ఒకటే శ్రుతి.

దీనికి రుజువు వెతుక్కుంటూ ఎక్కడికీ పోనక్కర్లేదు, పంద్రాగస్టునాడు ఏ ఆఫీసు ముందరైనా నిలబడితే చాలు. జనగణమన ఎవరో ఒకరు అందుకుంటారు. అందుకున్నది మేడమ్ అయితే ఆమెకు హాయిగా ఉండే 5 శ్రుతిలో (అంకె పెరిగేకొద్దీ పాట ఎత్తుకు పోతుంది) ఎత్తుకుంటారు. ఆ బాణీ మంద్ర నిషాదం (కిందిస్థాయి 'ని') నుంచి తారషడ్జం (పైస్థాయి 'స') దాకా తిరుగుతుంది. 'భారత భాగ్యవిధాతా' దాకా మగవాళ్లంతా బాగానే వస్తారు. చివర్లో వరసగా 'జయహే'లు పైకెక్కేసరికి సగంమంది మెడ నరాలు తేలేలా అరుస్తారు, పావువంతు గుట్టుగా కింది స్థాయికి దిగిపోతారు, మిగిలినవాళ్లు పెదాలాడిస్తారు. అదే పాట 1 శ్రుతిలో ఎత్తుకుంటే ఈ తంటా ఏదీ ఉండదు.

మగవాళ్ల బృందానికి మామూలుగా నాలుగు వరసలు, అంటే ఒకే పాటలో ఒకేసారి వేర్వేరు స్వరాలు పాడే నాలుగు జట్లు. పై గొంతు నుంచి కింది గొంతుకు: మొదటి టెనర్, రెండో టెనర్, బారిటోన్, బేస్. మగవాళ్లలో ఎక్కువమందిది నడిమి గొంతు, అంటే బారిటోన్. అసలైన మొదటి టెనర్ అరుదు, అసలైన బేస్ కూడా అరుదే. అయితే సినిమా పాటలు వింటూ పెరిగినవాళ్లం కాబట్టి ప్రతివాడూ తాను టెనర్‌నే అనుకుంటాడు. "నువ్వు బేస్‌లో నిలబడు నాయనా" అంటే దూరానికి ట్రాన్స్‌ఫర్ వేసినట్టు మొహం పెడతాడు. నాలుగు వారాలు పోనిచ్చాక, తన స్వరం మీదే మిగతా మూడు వరసలూ నిలబడుతున్నాయని వాడికే తెలుస్తుంది. ఆ తర్వాత వెళ్లమన్నా పై వరసకు వెళ్లడు.

అపోహ: సంగీతం నేర్చుకున్నవాళ్లకే ఇది సాధ్యం.

మగవాళ్ల బృందగానానికి ప్రపంచమంతటా పేరున్న దేశం వేల్స్. 19వ శతాబ్దంలో అక్కడ ఆ పేరు తెచ్చింది బొగ్గు గనుల్లో దిగి పనిచేసే కార్మికులు. ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి వాళ్లలో చాలామందికి రాదు. ఇంగ్లండులో సారా గ్లోవర్ మొదలుపెట్టిన, జాన్ కర్వెన్ సరిదిద్ది ఊరూరా వ్యాపింపజేసిన టానిక్ సోల్‌ఫా అనే అక్షరాల లిపితోనే వాళ్లు పెద్దపెద్ద రచనలు నేర్చుకున్నారు. ఆ పద్ధతిలో 'డో' మనకు వీలైన శ్రుతిలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. మన 'స' కూడా అంతే కదా. అందుకే మా ఫైళ్లలో నాలుగు వరసలూ సరిగమల్లోనే ఉంటాయి, పైస్థాయికి పైన చుక్క, కిందిస్థాయికి కింద చుక్క. కండక్టరన్నకు ఈ చుక్కలు పట్టుబడటానికి ఎన్నాళ్లో పట్టలేదు. టికెట్ మిషన్ కన్నా సులువే అంటాడు.

అపోహ: నాలుగు వరసల పాట మన సంగీతానికి, మన ప్రాంతానికి పరాయిది.

ప్రాంతం సంగతి ముందు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు. ఆ పాటకు స్వరాలు రాసిపెట్టినావిడ అక్కడే ఉన్న మార్గరెట్ కజిన్స్. ఇక మలయాళ సినిమా సంగీతంలో పెద్దపేరైన ఎం.బి. శ్రీనివాసన్ 1925లో పుట్టింది మన చిత్తూరులోనే. మద్రాస్ యూత్ క్వయర్ స్థాపించి, భారతీయ భాషల పాటలను బహుస్వరాల్లో పాడించినవారాయన. ఈ మాట చెబితే మా ఊళ్లో పదిమందిలో తొమ్మిదిమంది నమ్మరు.

సంగీతం విషయంలో మాత్రం ఈ అపోహలో సగం నిజముంది, దాన్ని దాచను. తోడి, సహాన లాంటి రాగాల్లో స్వరం ఒకచోట నిలవదు, గమకంలోనే బతుకుతుంది. ఒక్క గొంతులో అందంగా ఊగే గాంధారాన్ని ('గ'ను) పదిహేనుమంది చేత ఒకేలా ఊగించాలని చూస్తే గందరగోళం మిగులుతుంది. దాని కింద మరో వరస పెట్టామంటే రాగమే చెడుతుంది. మోహన, హంసధ్వని, శంకరాభరణం అలా కాదు. వీటిలో స్వరాలు నిటారుగా నిలబడగలవు. మోహనలో పాట కట్టినప్పుడు నేను చేసేది చాలా తక్కువ. బేస్ వరస షడ్జ పంచమాలు ('స', 'ప') పట్టుకుంటుంది, పాట రెండో టెనర్ నడుపుతుంది, బారిటోన్ గాంధారం దగ్గర కాసేపు ఆగుతుంది, మొదటి టెనర్ చరణం చివర మాత్రమే పైనుంచి వచ్చి కలుస్తుంది. విన్న పెద్దలు "తంబురా ఎక్కడ పెట్టారు?" అని అడిగారంటే బేస్ వరస ఆరోజు సరిగ్గా పాడిందని లెక్క. ఏ పాటనైనా నాలుగు వరసలు చేసెయ్యొచ్చనే ఉత్సాహవంతులతో నాకు పేచీ ఉంది. కొన్ని కీర్తనలు అందరూ ఒకే వరసలో పాడితేనే బాగుంటాయి. అవి మేం అలాగే పాడతాం.

అపోహ: రిహార్సల్ అంటే పాటను మొదట్నుంచి చివరిదాకా పదిసార్లు పాడటం.

అలా పాడితే తప్పులు కూడా పదిసార్లు సాధన అవుతాయి. మా సాయంత్రాల్లో పాట పూర్తిగా వినబడేది చివర ఒక్కసారే. ముందు పెదాలు బుర్రుమనిపించడం, కింది నుంచి పైదాకా గొంతు జార్చడం, 'మ్' అని నోరు మూసి పాడటం. తర్వాత వరసల వారీగా వేర్వేరు మూలలకు పోయి నాలుగేసి పంక్తులు. ఆ తర్వాతే కలపడం.

మాకు ఎక్కువ సమయం తినేది ఉచ్చారణ. ఇక్కడ సగంమంది ఇంట్లో అరవం, వీధిలో తెలుగు. 'భ' కాస్త 'బ' అవుతుంది, 'ఖ'కు 'క' వస్తుంది. అది దిద్దుకోవచ్చు. అంతకన్నా మొండి సమస్య పదం చివర ఉంటుంది. తెలుగు పదాలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లీషు పాటలో చివరి 'ట్' దగ్గర అందరూ ఠక్కున ఆగుతారు, మనకు ఆ గోడ లేదు. 'పాదము' అనే మాటలో ఆ 'ము' ఒకడు కొరికేస్తాడు, ఒకడు సాగదీస్తాడు, ఇంకొకడు పక్కవాడు ఆపాడా లేదా అని చూసి ఆపుతాడు. హాల్లో వినేవాళ్లకు తోక వినబడుతుంది. అందుకే ప్రతి పంక్తి చివరా తాళంలో ఏ అక్షరకాలం మీద నోరు మూయాలో పెన్సిల్‌తో రాసుకోమంటాను. పెన్ను కాదు, పెన్సిలే. వచ్చేవారం నేనే మారుస్తాను.

ఊపిరి కూడా అంతే. పొడుగు స్వరం మీద అందరూ ఒకేచోట ఊపిరి పీల్చుకుంటే పాటలో గొయ్యి పడుతుంది. పక్కవాడు పీల్చే చోట నువ్వు పీల్చకు, పదం మధ్యలో గుట్టుగా తప్పుకుని గుట్టుగా కలువు. ఇది వచ్చినరోజున ఎవరికీ అందనంత పొడుగు స్వరం బృందానికి అందుతుంది.

అపోహ: కచేరీ ముందు మిరియాల పాలో తేనో తాగితే గొంతు విచ్చుకుంటుంది.

మింగినదేదీ స్వరతంత్రులను తాకదు. మింగేటప్పుడు ఆ దారి మూసుకుంటుంది, తాకిందంటే పొలమారుతుంది. ప్రాణానికి హాయిగా ఉంటే తాగండి, తప్పులేదు. ఆవిరి మాత్రం పీల్చిన గాలితోపాటు అక్కడిదాకా వెళ్తుంది. నీళ్లు రోజంతా తాగుతూ ఉంటేనే పని చేస్తాయి, స్టేజి పక్కన గ్లాసెడు గడగడా తాగితే ఒరిగేదేమీ లేదు. మాటిమాటికీ గొంతు సవరించుకునే అలవాటు అన్నిటికన్నా చేటు.

అపోహ: పోటీలో గట్టిగా పాడినవాళ్లకే మార్కులు.

అంతర్జాతీయ పోటీల్లో ఒకటైన వరల్డ్ క్వయర్ గేమ్స్‌లో న్యాయనిర్ణేతలు చూసేవి శ్రుతిశుద్ధి, నాదం నాణ్యత, రాసిన స్వరానికి కట్టుబడటం, మొత్తంగా కలిగే కళానుభూతి. గట్టిగా పాడటానికి అక్కడ గడే లేదు. మన దగ్గర చిన్న పోటీల్లో కాగితం మీద శ్రుతి, లయ, సాహిత్యం, సమన్వయం అని ఉంటాయి. గట్టిగా పాడితే ముందుగా పోయేది సమన్వయమే.

కాకపోతే మన పోటీల చిక్కులు వేరు. విశ్వవిద్యాలయాల యువజనోత్సవాల్లో బృందగానం అంటే ఆరుగురికి మించకూడదు. అలాంటి నిబంధనే చాలాచోట్ల పాకింది. పదిహేనుమంది వెళ్తే సగంమంది కింద కూర్చుని చప్పట్లు కొట్టాలి. రెండోది మైక్‌సెట్. మేం రెండు మైకులు, కాస్త దూరంగా, ఎత్తుగా పెట్టమంటాం. మైక్‌సెట్ అబ్బాయి మనమీద ప్రేమతో మనిషికొకటి నోటి దగ్గర పెట్టి, ఎకో కూడా కలుపుతాడు. ఏడాదంతా కలిపిన గొంతులు అక్కడ విడిపోతాయి. అందుకే పోటీ రోజున నేను ముందు పలకరించేది జడ్జిలను కాదు, అతన్నే. "తమ్ముడూ, ఎకో తీసెయ్ నాయనా" అని టీ ఇప్పించి మరీ అడుగుతాను.

అపోహ: పోటీకి నెల ముందు కూర్చుంటే సరిపోతుంది.

చిత్తూరులో ఆ నెల ఎక్కడ దొరుకుతుందో చూద్దాం. మే నెల గంగమ్మ జాతర, వీధి వీధికీ మైకులు, ఎండ. మే చివర్నుంచి జులై దాకా తోతాపురి కాయ ఫ్యాక్టరీలకు దిగుతుంది. గుజ్జు ఫ్యాక్టరీవాళ్లు రాత్రి షిఫ్టుల్లో ఉంటారు, తోటలున్నవాళ్లు లారీల క్యూలో ఉంటారు, హాజరు సగానికి పడిపోతుంది. ఆ రోజుల్లో కొత్త పాట ఎత్తుకోను, పాతవి మెరుగు పెడతాం. ఆగస్టులో దేశభక్తి గీతాలు. వినాయక చవితితో కాణిపాకం ఉత్సవాలు మొదలై 21 రోజులు సాగుతాయి, చుట్టుపక్కల పందిళ్ల నుంచి పిలుపులొస్తాయి. దసరాలో తిరుపతి, కొండ, చుట్టాలు.

అసలు గండం కార్తీకం. బృందంలో చాలామంది అయ్యప్ప మాల వేసుకుంటారు. మండల దీక్ష 41 రోజులు, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, రోజూ భజన, శరణుఘోష. భక్తికి అడ్డు చెప్పేవాణ్ణి కాను, నేనూ వేసుకున్నవాణ్ణే. అయితే శరణుఘోష గొంతు చించుకుని అరిచేది. డిసెంబరు నాటికి టెనర్లంతా బేస్‌లు అయిపోతారు. సరిగ్గా అప్పుడే చర్చిల్లో పాడే మా సభ్యులు క్రిస్మస్ కేరల్స్ కోసం రాత్రిళ్లు ఇంటింటికీ తిరుగుతుంటారు. వాళ్లు జలుబుతో వస్తారు. అందుకని సంక్రాంతి పోటీల పాటలు దసరా లోపే నోటికి వచ్చేయాలి. కార్తీకంలో గొంతు విప్పకుండా, కాగితం చూస్తూ తాళం వేసుకుని మనసులో పాడుకునే సాధనే ఎక్కువ. గొంతుకు విశ్రాంతి, చెవికి పని. రిపబ్లిక్ డే, శివరాత్రి దాటి ఉగాదికి వచ్చేసరికి బృందం ఏడాదిలోకెల్లా బాగా పాడుతూ ఉంటుంది. అప్పుడు పోటీలుండవు.

అపోహ: యాభై దాటాక గొంతు పనికిరాదు.

శ్రమ తగ్గించుకోవాలి, ఊపిరి పొట్టిదవుతుంది, నిజమే. అయినా వినడం అలవాటైన పెద్దాయన ఒకరు వరసలో ఉంటే ఆయనకు ఇరుపక్కలా కుర్రాళ్లు తప్పిపోరు. మా బారిటోన్ వరసకు అలాంటి ఆయనే ఆధారం.

కొత్తవాళ్లను ఆడికృత్తిక (జులై-ఆగస్టులో వచ్చే సుబ్రహ్మణ్యస్వామి పండగ) అయ్యాక చూస్తాం, అప్పటికి మామిడి పని సద్దుమణుగుతుంది. ఒక ఫైలు, ఒక పెన్సిలు తెచ్చుకుంటే చాలు, పాట సిద్ధం చేసుకుని రానక్కర్లేదు. టెనర్లు చాలినంతమంది ఉన్నారు. బేస్‌లు కావాలి.