ఆ 9,713 ప్రశ్నలు ఏం అడిగాయి?

కాలేజీ బయాలజీలో స్టడీ క్వశ్చన్ల మీద గొడవ మళ్లీ రాజుకుంది. చాట్‌బాట్లు వచ్చాక ఇంటికిచ్చే ప్రశ్నలు దండగ అని, పుస్తకాలు మూయించి హాల్లో కూర్చోబెట్టి రాయించడం ఒక్కటే దారి అని కొందరు అధ్యాపకులు గట్టిగా అంటున్నారు. పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కను ల్యాబ్‌లో కోట్ల కాపీలు చేసే పద్ధతి) దశలు వివరించమంటే చాట్‌బాట్ క్షణాల్లో రాసేస్తుంది, నిజమే. కానీ ఆ జవాబు అంతకుముందు కూడా గైడులో ఉంది, సీనియర్ల నోట్సులో ఉంది, ల్యాబ్ మాన్యువల్లోనూ ఉంది. చూసి రాయడం కొత్తగా వచ్చిన జబ్బు కాదు.

చదువులో ఎంత ఆలోచన కావాలో చెప్పడానికి విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో చేసిన వర్గీకరణ, గుర్తుంచుకోవడంతో మొదలై బేరీజు వేయడం దాకా ఉన్న ఆరు మెట్లు, బోధనలో ఉన్నవాళ్లందరికీ తెలిసినవే. వాటి గురించి ఇక్కడ మళ్లీ చెప్పక్కర్లేదు. ఆ మెట్లు ప్రశ్నపత్రాల్లోకి ఎంతవరకు వచ్చాయన్నదే అసలు సంగతి. అది 2010లో తేలింది.

ఆ ఏడాది జెన్నిఫర్ మోమ్‌సెన్, ఆమె సహచరులు అమెరికాలో డిగ్రీ తొలి దశ బయాలజీ చెప్పే 50 మంది అధ్యాపకుల నుంచి వాళ్లు నిజంగా ఇచ్చిన ప్రశ్నలను తెప్పించుకున్నారు. మొత్తం 9,713 వచ్చాయి. ఒక్కోదాన్నీ చదివి ఏ మెట్టుకు చెందుతుందో రాసుకుంటూ పోయారు. 93 శాతం మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగిపోయాయి: గుర్తుందా, అర్థమైందా, అంతే. సిలబస్‌లలో రాసుకున్న లక్ష్యాలు కూడా 69 శాతం కింది మెట్లలోనే ఉన్నాయి. అప్పటిదాకా పిల్లలు బట్టీ పడుతున్నారన్నదే అందరి ఫిర్యాదు. పిల్లలు అడిగినదానికి తగ్గట్టే చదివారని ఈ లెక్క చెప్పింది. ఇవాళ్టి గొడవకు మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం.

అలాగని దారి తెలియక ఆగిపోయారా అంటే అదీ కాదు. దానికి రెండేళ్ల ముందే, 2008లో, అలిసన్ క్రో, క్లారిసా డర్క్స్, మేరీ పాట్ వెండరోత్ అనే ముగ్గురు అధ్యాపకులు బయాలజీ ప్రశ్నలను ఈ మెట్ల ప్రకారం తూచే సాధనాన్ని తయారుచేసి అందరి ముందూ పెట్టారు.

పై మెట్టు ప్రశ్న అంటే ఏమిటో ల్యాబ్‌లో చూస్తే వెంటనే తెలుస్తుంది. డీఎన్‌ఏకి రుణావేశం ఎందుకు ఉంటుందని అడిగితే, ఫాస్ఫేట్ల వల్ల అని క్లాసంతా రాసేస్తుంది. అదే క్లాసులో ఒకరు, డీఎన్‌ఏ ముక్కలను కరెంటుతో సైజు వారీగా విడదీసే జెల్ పెట్టెకు, వైర్లు తిరగేసి తగిలిస్తారు. రుణావేశమున్న డీఎన్‌ఏ ధన ధ్రువం వైపే పోతుంది. శాంపిల్‌లో కలిపిన నీలం డై జెల్‌లోకి దిగకుండా వెనక్కి జరుగుతుంటుంది. బల్ల చుట్టూ నిలబడ్డవాళ్లంతా దాన్ని చూస్తారు, ఎవరికీ ఏమీ తోచదు. శాంపిల్ చుట్టూ ఉన్న బఫర్ ద్రావణంలోకి పోయాక ఖాళీ జెల్ చేతికొస్తుంది. నిన్న రాసిన జవాబుకూ ఈ ఖాళీ జెల్‌కూ సంబంధం ఉందని వాళ్లను ఏ ప్రశ్నా అడగలేదు.

ఇంకో ఉదాహరణ. పీసీఆర్‌లో టెంప్లేట్ డీఎన్‌ఏ (కాపీ చేయాల్సిన అసలు డీఎన్‌ఏ) బదులు నీళ్లు పోసిన కంట్రోల్ ట్యూబు ఒకటి ఉంటుంది. జెల్‌లో ఆ ట్యూబుకు కేటాయించిన లేన్‌లో (వరుసలో) కూడా బ్యాండ్, అంటే డీఎన్‌ఏ గీత, కనిపించింది. ఇప్పుడేం చేస్తారు? ముందు ల్యాడర్‌తో, అంటే సైజులు ముందే తెలిసిన డీఎన్‌ఏ ముక్కలతో, పోల్చి సైజు చూడాలి. వంద బేస్ జతలకు లోపు మసగ్గా ఉంటే ప్రైమర్లు (కాపీని మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఒకదానికొకటి అతుక్కుని ఉండొచ్చు. అసలు శాంపిళ్లలో వచ్చిన సైజే అయితే ఎక్కడో కలుషితమైందన్నమాట, మిగతా లేన్లలో వచ్చిన ఫలితాన్ని కూడా నమ్మడానికి లేదు. ముప్పై సైకిళ్లలో ఒక్క అణువు, లెక్క ప్రకారం, 107 కోట్ల కాపీలవుతుంది కాబట్టి పిపెట్ కొనకు అంటిన తడి చాలు. ఈ ఒక్క ప్రశ్నలో పీసీఆర్ దశలన్నీ వచ్చేస్తాయి, వాటిని విడిగా అడగనవసరం లేదు.

ముందు గుర్తుంచుకోవడమే ముఖ్యమనే అవతలి పక్షం మాటలోనూ బలం ఉంది. ప్రైమర్ అంటే తెలియనివాడు ప్రైమర్ అతుకుల గురించి ఏం ఆలోచిస్తాడని వాళ్ల ప్రశ్న. చదివినదాన్ని చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు, పుస్తకం ముందుంచుకుని కాన్సెప్ట్ మ్యాపులు (భావనలను గీతలతో కలిపే బొమ్మలు) గీసినవాళ్లకన్నా మెరుగ్గా నేర్చుకున్నారని కార్పికె, బ్లంట్ అనే పరిశోధకులు 2011లో చూపించారు. అయితే 2014లో జెమీ జెన్సెన్ బృందం దీనికి ఇంకో కోణం జోడించింది. కోర్సు పొడుగునా పై మెట్ల ప్రశ్నలతోనే క్విజ్‌లు, పరీక్షలు రాసిన విద్యార్థులు విషయాన్ని లోతుగా అర్థం చేసుకోవడమే కాదు, వివరాలను గుర్తుంచుకోవడంలోనూ బట్టీ ప్రశ్నలు రాసినవాళ్లకన్నా ముందున్నారు. పునాది ముందు, ఆలోచన తర్వాత అనే వాదన అక్కడ బలహీనపడింది.

మళ్లీ ఇవాళ్టికి వద్దాం. కంట్రోల్ లేన్ ప్రశ్నను కూడా కాగితం మీద రాసి ఇస్తే చాట్‌బాట్ బాగానే జవాబిస్తుంది. అందుకే హాల్లో రాయించాలన్న డిమాండ్‌ను నేను పూర్తిగా కొట్టిపారేయను. కానీ హాల్లో కూర్చోబెట్టి మళ్లీ పీసీఆర్ దశలే రాయిస్తే 2010 నాటి 93 శాతానికి తిరిగి వెళ్లినట్టే. విద్యార్థి తన చేత్తో లోడ్ చేసిన జెల్‌ను ముందుంచి, తన రికార్డులో రాసుకున్న లేన్ల వరుస చూపించి, ఈ నాలుగో లేన్ ఎందుకు ఖాళీగా ఉందో చెప్పమని ఎదురుగా కూర్చుని అడగొచ్చు. అప్పుడు తను ఆ రోజు ఏం పోశాడో, ఏం మర్చిపోయాడో తనే చెప్పాలి.

దానికి ఒక్కో విద్యార్థికి పది నిమిషాలనుకున్నా, రెండు వందల మంది ఉన్న క్లాసుకు ముప్పై మూడు గంటలు పైనే పడుతుంది. తొమ్మిది వేల పైచిలుకు ప్రశ్నలు కింది మెట్ల దగ్గరే ఉండిపోవడానికి ఈ గంటల లెక్క కూడా ఒక కారణమై ఉండొచ్చు. చాట్‌బాట్‌ను నిషేధించాలా వద్దా అన్న చర్చలో ఈ ముప్పై మూడు గంటలు ఎవరు ఇస్తారన్న మాట మాత్రం పెద్దగా వినిపించడం లేదు.