సభలో పాసైన బిల్లుకీ అమల్లో ఉన్న చట్టానికీ మధ్య దూరం: కొన్ని అపోహలు, వాస్తవాలు

"దిశ చట్టం కింద కేసు పెట్టించండి మేడమ్, 21 రోజుల్లో వాడికి శిక్ష పడాలి." 2019 డిసెంబరు తర్వాత ఈ మాట ఎంతమంది నోట విన్నానో లెక్క లేదు. ఇప్పటికీ అడుగుతున్నారు. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల ఇంట్లో ఘోరం జరిగింది, ఎక్కడో చిన్న ఆశ కనపడింది, పట్టుకున్నారు. నా కోపమంతా "చట్టం వచ్చేసింది" అని స్క్రోలింగ్ వేసి తర్వాత ఏమైందో చెప్పనివాళ్ల మీద, నిజమో కాదో చూడకుండా ఆ ముక్కనే ఇంకా వాట్సాప్‌లో తిప్పుతున్నవాళ్ల మీద.

అపోహ: అసెంబ్లీలో పాసైతే చట్టం వచ్చినట్టే

కాదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును 13 డిసెంబరు 2019న ఆమోదించింది. అత్యాచారం లాంటి కేసుల్లో 7 పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ, మొత్తం 21, ఇదీ అందులోని మాట. కానీ నేరాలు, శిక్షలు, కేసు నడిపే పద్ధతి, ఇవన్నీ రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. అంటే కేంద్రమూ చట్టం చేయొచ్చు, రాష్ట్రమూ చేయొచ్చు, రెండూ ఢీకొంటే కేంద్ర చట్టమే నిలుస్తుంది. రాష్ట్ర చట్టం నిలవాలంటే 254(2) అధికరణం ప్రకారం రాష్ట్రపతి సమ్మతి కావాలి. అందుకే బిల్లు ఢిల్లీ వెళ్లింది, ప్రశ్నలతో తిరిగొచ్చింది, 2020 డిసెంబరులో మార్పులు చేసి మళ్లీ సభలో పెట్టారు. రాష్ట్రపతి సమ్మతి మాత్రం రాలేదు. సమ్మతి లేని బిల్లు కింద ఏ పోలీసూ ఎఫ్ఐఆర్ రాయలేడు, ఏ జడ్జీ శిక్ష వేయలేరు.

మరి దిశ పోలీస్ స్టేషన్లు పెట్టారు కదా, యాప్ వచ్చింది కదా అంటారు. నిజమే. జనం పొరబడటానికి అసలు కారణం కూడా అదే. స్టేషన్ తెరవడానికి, యాప్ తయారు చేయడానికి ప్రభుత్వ ఉత్తర్వు సరిపోతుంది, శిక్ష మార్చడానికి సరిపోదు. ఆ స్టేషన్‌లో నమోదైన కేసులన్నీ అప్పటి ఐపీసీ (నేరాలు, శిక్షల పాత చట్టం), పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) సెక్షన్ల కిందే నడిచాయి.

ఇది పుస్తకాల్లో ఉండే సూక్ష్మం అనుకోకండి, దీనివల్ల కుటుంబాలు నష్టపోయాయి. ఓ పక్క ఊరి నుంచి ఒక తండ్రి వచ్చాడు. కూతురు మైనరు, పోక్సో కేసు, ఎఫ్ఐఆర్ అయింది, నిందితుడు రిమాండ్‌లో ఉన్నాడు. కేసు బలంగానే ఉంది. కానీ అవతలి పక్షం తరఫున ఊళ్లో పెద్దమనుషులు చేరి, "21 రోజులు దాటిపోయాయి, ఇక నీ కేసు చెల్లదు, అంతో ఇంతో పుచ్చుకుని రాజీ అయిపో" అని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పారు. ఆయన నమ్మాడు. ఎందుకు నమ్మడు, 21 రోజులన్న మాట టీవీలో తన చెవులతో విన్నదే కదా. రాజీ కాగితం మీద సంతకం పెట్టేసి, ఆ తర్వాత నిద్ర పట్టక నా దగ్గరికి వచ్చాడు. ఆ అమ్మాయి మా ఆఫీసు గది బయట బెంచీ మీద కూర్చుని ఉంది, లోపలికి రానంది.

ఆ తండ్రికి చెప్పిందే ఇక్కడా చెబుతాను. అత్యాచారం, పోక్సో కేసులు మీరూ మీరూ రాజీ చేసుకుని మూసేసేవి కావు, ఊళ్లో పెట్టించుకున్న సంతకంతో కేసు పోదు. దర్యాప్తు రెండు నెలల్లో ముగించాలని చట్టంలో ఉంది, అప్పుడు సీఆర్పీసీలో (కేసు నడిపే పద్ధతి చెప్పే పాత చట్టం) ఉండేది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 193లో ఉంది. ఆ గడువు దాటినా కేసు చావదు. ఇంత తీవ్రమైన కేసుల్లో 90 రోజుల్లోపు ఛార్జిషీటు పడకపోతే నిందితుడికి బెయిలు అడిగే హక్కు వస్తుంది, కాబట్టి దర్యాప్తు అధికారి వెంటపడాల్సిందే. కానీ బెయిలు రావడం వేరు, కేసు కొట్టేయడం వేరు. పోక్సో సెక్షన్ 35 ప్రకారం విచారణ వీలైనంతవరకు ఏడాదిలో పూర్తి కావాలి. అలా పూర్తికాకపోయినా మీ కేసు పోదు.

అపోహ: రాష్ట్రపతి సంతకం పెడితే ఆ రోజు నుంచే అమలు

2024 జనవరి మొదట్లో హైదరాబాద్ పెట్రోల్ బంకుల ముందు క్యూలు గుర్తున్నాయా? ప్రమాదం చేసి పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల జైలు అన్న కొత్త సెక్షన్ మీద ట్యాంకర్, లారీ డ్రైవర్లు బండ్లు ఆపేశారు. అది ఐపీసీ స్థానంలో తెచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 106(2). ఉభయ సభలూ పాస్ చేశాయి, 25 డిసెంబరు 2023న రాష్ట్రపతి సంతకమూ అయింది. అయినా ఆ రోజుకి ఒక్క సెక్షన్ కూడా అమల్లో లేదు. సంహిత మొత్తం 1 జులై 2024న అమల్లోకి వచ్చింది, 106(2) ఒక్కటీ తప్ప. దాన్ని నోటిఫికేషన్‌లోనే పక్కన పెట్టారు.

ఆ తర్వాత కూడా డ్రైవర్లు టెన్షన్‌తో నాకు ఫోన్ చేశారు. "ఆగితే జనం కొడతారు, ఆగకపోతే పదేళ్లు, ఇక బండి అమ్మేస్తానండీ" అన్నవాళ్లున్నారు. అన్నా, తొందరపడకండి. నిర్లక్ష్యంగా నడిపి మనిషి ప్రాణం పోతే 106(1) కింద ఐదేళ్ల వరకు శిక్ష, అమల్లో ఉన్నది అదే. గాయపడ్డవాళ్లకు వైద్యం అందేలా చూడటం, పోలీసులకు చెప్పడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134 కింద ఎప్పటినుంచో ఉన్న బాధ్యత. గుంపు మీదకు వచ్చి ప్రాణభయమైతే ఆ చట్టమే మినహాయింపు ఇస్తోంది, తిన్నగా దగ్గర్లోని స్టేషన్‌కి వెళ్లి చెప్పండి.

అమలు తేదీ ఎక్కడ చూడాలంటే, ఏ చట్టమైనా సెక్షన్ 1 చదవండి. "కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించిన తేదీ నుంచి" అని ఉంటే ఆ నోటిఫికేషన్ గెజిట్‌లో వచ్చేదాకా చట్టం కాగితం మీదే ఉంటుంది. కేంద్ర చట్టంలో తేదీ ఊసే లేకపోతే సమ్మతి వచ్చిన రోజే అమలు. సమాచార హక్కు చట్టంలో ముఖ్యమైన భాగానికి సమ్మతి తర్వాత 120 రోజులు పట్టింది, 12 అక్టోబరు 2005న వచ్చింది. ఢిల్లీ అద్దె చట్టానికి 1995లో సమ్మతి వచ్చింది, అమలు తేదీ మాత్రం ప్రకటించలేదు. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణలో ముందస్తు నిర్బంధం (నేరం చేస్తాడన్న అనుమానంతో ముందే జైల్లో పెట్టడం) గురించిన భాగానిదీ ఇదే కథ. దాన్ని అమలు చేయమని ప్రభుత్వాన్ని శాసించలేమని 1981 డిసెంబరులో సుప్రీంకోర్టే చెప్పింది. పౌరుల స్వేచ్ఛకు సంబంధించిన సవరణ ఇన్నేళ్లు అలా పడి ఉండటం నాకు చాలా బాధగా ఉంటుంది.

అపోహ: సంతకం లాంఛనమే, ఎటూ పెడతారు

బ్రిటన్‌లో లాంఛనమే. అక్కడ రాణి ఆన్ 1708లో ఒక బిల్లును కాదన్న తర్వాత ఇంకెవరూ కాదనలేదు. మన దగ్గర అలా కాదు. 1986లో ఉభయ సభలూ పాస్ చేసిన పోస్టాఫీసు సవరణ బిల్లు మీద అప్పటి రాష్ట్రపతి జైల్ సింగ్ సంతకం పెట్టకుండా ఉంచేశారు. మన ఉత్తరాలు తెరిచే అధికారం ఇచ్చే బిల్లు అది. చివరికి చట్టం కాలేదు.

అపోహ: ఆర్డినెన్స్ అంటే ముసాయిదా, పట్టించుకోనక్కర్లేదు

పూర్తిగా తప్పు. సభ జరగనప్పుడు రాష్ట్రపతి లేదా గవర్నర్ జారీ చేసేది ఆర్డినెన్స్, జారీ అయితే అది చట్టంతో సమానం. సభ మళ్లీ కూర్చున్న ఆరు వారాల్లో ఆమోదం రాకపోతే పడిపోతుంది. అప్పటిదాకా పాటించాల్సిందే.

అపోహ: శాసన మండలి ఒప్పుకోకపోతే బిల్లు ఆగిపోతుంది

ఆలస్యం అవుతుంది, అంతే. మొదటిసారి మూడు నెలలు, అసెంబ్లీ మళ్లీ పాస్ చేసి పంపితే ఒక నెల, ఆపైన అసెంబ్లీ మాటే చెల్లుతుంది.

అపోహ: కొత్త లేబర్ కోడ్‌లు ఇంకా రాలేదు

ఇది తిరగబడిన కేసు. పాత కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన ఈ నాలుగు కోడ్‌లు 2019, 2020లో పాసైనప్పటి నుంచి "వచ్చేశాయి, చేతికొచ్చే జీతం తగ్గుతుంది" అని ఏటా పుకారు లేచేది, రాలేదని ఏటా చెప్పేవాళ్లం. 21 నవంబరు 2025న నాలుగూ నిజంగానే అమల్లోకి వచ్చాయి. పాత సమాధానం పట్టుకుని కూర్చోకుండా మీ అపాయింట్‌మెంట్ ఆర్డరు, జీతం స్లిప్పు తీసి ఒకసారి చూపించుకోండి.

పైన చెప్పిన అత్యాచారం, పోక్సో లాంటి కేసుల్లో మీ ఇంటివాళ్లు ఎవరైనా ఉండి, లాయరుకి ఫీజు ఇచ్చుకోలేక ఊళ్లో రాజీకి ఒప్పుకునే ఆలోచనలో ఉంటే, సంతకం పెట్టకముందే 15100కి ఫోన్ చేయండి. అది న్యాయ సేవల సంస్థ నంబరు. ఆడవాళ్లకి, పిల్లలకి ఆదాయంతో సంబంధం లేకుండా లాయరుని ఉచితంగా ఇస్తారు. మీ కోర్టు ఆవరణలోనే వాళ్ల ఆఫీసు ఉంటుంది. ఎఫ్ఐఆర్ కాపీ, ఆధార్ పట్టుకుని వెళ్లండి.