హార్మోన్ పురుగుమందులు: అపోహలు – వాస్తవాలు

గుంటూరులోని కీటకశాస్త్ర ప్రయోగశాలలో నేను చేసే పని గురించి మిరప, పత్తి రైతులు, మందుల దుకాణాల వారు తరచుగా అడుగుతుంటారు. ఆ ప్రశ్నల వెనుక ఉండే అపోహలు ఇవి.

అపోహ: మర్నాటికి పురుగు చావకపోతే అది నకిలీ మందే.

లద్దె పురుగులకు వాడే మెథాక్సిఫెనోజైడ్ నరాల మీద పనిచేసే మందు కాదు. పురుగు కుబుసం విడవడాన్ని నడిపించే ఎక్డైసోన్ హార్మోన్‌ను అనుకరించి, సమయం రాకముందే ఆ పనిని మొదలుపెట్టిస్తుంది. సహజ హార్మోన్ తన పని కాగానే తగ్గుతుంది. మందు అలా తగ్గదు కనుక కుబుసం సగంలో ఆగిపోతుంది. లద్దె పురుగు ముందు మేత మానేస్తుంది, చావడానికి మరికొన్ని రోజులు పడుతుంది. సూక్ష్మదర్శిని కింద చూస్తే పాత తల తొడుగు ఊడిపోకుండా మూతి మీదికి జారి, దాని వెనుక కొత్త తల లేత రంగులో కనిపిస్తుంది. కాబట్టి చేలో బతికున్న పురుగులను లెక్కపెట్టడం కంటే, ఆకులపై కొత్త కాట్లు పడుతున్నాయో లేదో చూడడం మేలు.

అపోహ: నోవాల్యురాన్ కూడా హార్మోన్ మందే.

కాదు, అది పురుగు పై తొడుగుకు గట్టిదనాన్నిచ్చే కైటిన్ అనే పదార్థం తయారీని అడ్డుకుంటుంది. తెల్లదోమకు వాడే పైరిప్రాక్సిఫెన్ మాత్రం పురుగును పిల్ల దశలోనే ఉంచే బాల్య హార్మోన్‌ను అనుకరిస్తుంది.

అపోహ: గాజు పళ్లెంలో పనిచేసిన మందు చేలోనూ పనిచేస్తుంది.

అన్నిటికంటే బలంగా పాతుకున్న అపోహ ఇదే. గాజు పళ్లెంలో చేసే పరీక్షలో లద్దె పురుగు చివరి దశలో ఉన్నప్పుడు దాని రెక్కల మొగ్గలను (తర్వాత రెక్కలుగా మారే కణజాలాన్ని) సెలైన్‌లో కోసి తీసి, అంటుకున్న కొవ్వును శుభ్రం చేసి, పోషక ద్రవంలో మందుతో కలిపి ఉంచుతాము. మందు కణాల్లోని ఎక్డైసోన్ గ్రాహకానికి (హార్మోన్ వచ్చి అతుక్కునే ప్రొటీన్‌కు) అతికితే మొగ్గ మడతలు విప్పుకుని బయటికి సాగుతుంది. పక్కనే ద్రావణి మాత్రమే కలిపిన పళ్లెం ఒకటి, సహజ హార్మోన్ కలిపినది మరొకటి ఉండాలి. సహజ హార్మోన్‌కే స్పందించని కణజాలంతో వచ్చిన ఫలితాన్ని నేనైతే లెక్కలోకి తీసుకోను. అన్నీ సరిగ్గా కుదిరినా, ఆ పళ్లెంలో పురుగు చర్మం లేదు, పేగు లేదు, మందును విరగ్గొట్టే ఎంజైముల పూర్తి బలమూ లేదు. మందుకు అలవాటుపడిన పురుగుల్లో తరచుగా ఆ ఎంజైములే చురుగ్గా ఉంటాయి.

పైగా గ్రాహకం ఆకృతి అన్ని కీటకాలలోనూ ఒకటి కాదు. మెథాక్సిఫెనోజైడ్ తరహా మందే అయిన టెబుఫెనోజైడ్, లద్దె పురుగులాంటి సీతాకోకచిలుక జాతి పురుగుల గ్రాహకానికి గట్టిగా అతుకుతుంది, ఈగల గ్రాహకానికి బలహీనంగా అతుకుతుంది. అందువల్ల 2021లో మన మిరపను దెబ్బతీసిన నల్ల తామర పురుగుకు లద్దె పురుగు కణజాల ఫలితాన్ని వర్తింపజేయలేము.

అపోహ: ఇవి మనుషుల హార్మోన్లను పాడుచేస్తాయి, లేదా పురుగుకు తప్ప దేనికీ హాని చేయవు.

మనిషికి ఎక్డైసోన్ గ్రాహకం లేదు. అయినా చేతి తొడుగులు, ముఖ కవచం తప్పనిసరి. రెండో మాట మరింత ప్రమాదకరం. కృష్ణా డెల్టా చెరువుల్లోని రొయ్య కూడా ఎక్డైసోన్ వర్గపు హార్మోన్‌తోనే కుబుసం విడుస్తుంది. పైరిప్రాక్సిఫెన్ సోకిన డాఫ్నియా అనే, రొయ్యల వర్గపు చిన్న నీటి జీవులు ఆడ పిల్లలకు బదులు మగ పిల్లలను కంటాయని ప్రయోగాల్లో తేలింది. స్ప్రేయర్‌ను కాలువలోనో, చెరువు గట్టునో కడగవద్దని మేము అనేది ఇందుకే.