రోమన్ నాణేలపై రాణులూ వారసులూ: కొందరివి చవక, కొందరివి కరువు ఎందుకు?

బతికున్న మనిషి బొమ్మను రోమ్ టంకశాల నాణెంపై వేయడం క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్‌తో మొదలైంది. తర్వాత చక్రవర్తుల భార్యలు, బిడ్డలు, అక్కచెల్లెళ్లు కూడా ఎక్కారు. ముచ్చటకు కాదు, రేపు సింహాసనం ఎవరిదో జీతం అందుకునే సైనికుడికి తెలియడానికి. ఆ ప్రచారం ఎన్నాళ్లు సాగిందో దాన్నిబట్టే నేటి ధర.

తొలి చక్రవర్తి అగస్టస్ తన కూతురు జూలియా కొడుకులు గైయస్, లూసియస్‌లను దత్తత తీసుకుని, క్రీ.పూ. 2 ప్రాంతం నుంచి నేటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో వాళ్ల బొమ్మలతో దినారియస్ అనే వెండి నాణేలు విరివిగా కొట్టించాడు. క్రీ.శ. 4 కల్లా ఇద్దరూ పోయారు. నాణేలు మాత్రం ఓడల్లో మన దాకా వచ్చాయి. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో బయటపడ్డ 1531 వెండి నాణేల్లో ఎక్కువ భాగం అగస్టస్, అతని తర్వాతి చక్రవర్తి టిబీరియస్‌లవే. గైయస్, లూసియస్‌ల రకం ఇప్పటికీ సులువుగా దొరుకుతుంది. దీనికి ఆ రోజుల్లోనే మన దేశంలో నకళ్లు కొట్టారు. వాటిపై అక్షరాలు అర్థంలేని గీతలు.

అన్నిటికన్నా చవక ఫౌస్టీనాలవి. చక్రవర్తి ఆంటోనినస్ పయస్ భార్య పెద్ద ఫౌస్టీనా 140 ప్రాంతంలో చనిపోతే, ఆయన 161లో పోయేదాకా ఆమెను దేవతగా చూపే నాణేలు వేయించాడు. 'దివా' (దేవత) అని ఉంటే మరణానంతరం వేసినదే. నాగార్జునకొండలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో ఒకటి ఈమెదే. వాళ్ల కూతురు చిన్న ఫౌస్టీనా నాణెంపై తండ్రి పేరు కూడా ఉంటే 161కి ముందుది. 'ఫౌస్టీనా ఆగస్టా' అని మాత్రమే ఉంటే సాధారణంగా ఆ తర్వాతది.

దిదియా క్లారా కథ దీనికి తలకిందులు. 193లో సింహాసనాన్ని వేలంలో కొన్న ఆమె తండ్రి దిదియస్ జూలియానస్ పాలించింది 66 రోజులు. అందుకే ఆమె నాణేలు అరుదు. ఎవరైనా ఒకటి చూపిస్తే ముందు అనుమానించాలి, తర్వాతే సంతోషించాలి.

సహచక్రవర్తి గేటాను 211లో అన్న కారకల్లా చంపించాక, సామ్రాజ్యపు తూర్పు నగరాల్లో అన్నదమ్ములిద్దరి బొమ్మలున్న కొన్ని నాణేలపై తమ్ముడి ముఖాన్ని ఉలితో చెక్కేశారు. చరిత్రకు సాక్ష్యమైన ఆ గాటును లోపంగా లెక్కకట్టి ధర తగ్గించడం తెలివితక్కువ.

నకిలీ తయారీ కొత్తదేం కాదు. 16వ శతాబ్దంలో ఇటలీలోని పదువాకు చెందిన జొవాన్ని కవీనో పెద్ద రోమన్ కంచు నాణేలకు అద్భుతమైన అనుకరణలు చేశాడు. అచ్చులో పోతపోసిన నేటి నకిలీలకు అంచు చుట్టూ అతుకు గీత, ఉపరితలంపై సన్నటి బుడగ గుంతలు, మెత్తబడిన అక్షరాలు ఉంటాయి. ఆంటోనినస్ కాలపు దినారియస్ 3.2 గ్రాములకు అటూ ఇటూ తూగాలి. బాగా తక్కువ తూగి, వెండి లేచినచోట ఆకుపచ్చ కనిపిస్తే అది లోపల రాగి, పైన వెండిపూత. కంచు నాణేలపై జుట్టు మరీ పదునుగా ఉంటే ఎవరో తర్వాత చెక్కినట్టే. ఆమ్లంతో కడగొద్దు, పైపొర పోతే మళ్లీ రాదు.

పొలంలో దొరికితే మాత్రం అది సేకరణ కాదు. 1878 నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన భూగత నిధి గురించి కలెక్టరుకు తెలపాలి. నూరేళ్లు దాటిన నాణేన్ని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడాన్ని 1972 పురావస్తు చట్టం నిషేధించింది.