కుట్టించే ముందు, కొనే ముందు

తిరుపతి

చిరంజీవులకు ఆశీస్సులు.

డిగ్రీలు అయిపోవస్తున్నాయి, ఇంటర్వ్యూలు మొదలవుతాయి, ఆ వెనకే పెళ్లిళ్లు. చొక్కా కుట్టించాలా, రెడీమేడ్ కొనాలా, కోటు కొనాలా, అద్దెకు తేవాలా, ఏ బూట్లు అని అందరూ అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి రాస్తున్నా. ధర సంగతి తరవాత. ముందు ఒక లెక్క వేసుకోండి: ఒంటిమీదికి వచ్చాక టైలరు సరిచేయగలిగినవి ఏవి, చేయలేనివి ఏవి? నడుము బిగించొచ్చు, చేయి పొడవు తగ్గించొచ్చు, ప్యాంటు కింది మడత విప్పి దించొచ్చు. భుజం, ప్యాంటు సీటు దగ్గరి లోతు (నడుము నుంచి తొడల సందు దాకా ఉండే కొలత), బూటు పొడవు, ఈ మూడూ తప్పితే తప్పినట్టే. అంగడిలో కళ్లు అక్కడే ఉండాలి. మీరేమో రంగు చూస్తూ నిలబడతారు.

గుడ్డ కొనేటప్పుడు పన్నా, అంటే గుడ్డ వెడల్పు, ఎంతో అడగండి. 58 అంగుళాల పన్నా అయితే మామూలు ఒడ్డూపొడుగూ ఉన్నవాడి పొడుగు చేతుల చొక్కాకు 1.60 మీటర్లు, ప్యాంటుకు 1.20 నుంచి 1.30 మీటర్లు చాలు. 36 అంగుళాల పన్నా అయితే చొక్కాకే రెండుంబావు మీటర్లు దాటుతుంది. గళ్ల గుడ్డకు ఇంకో 20 సెంటీమీటర్లు వేయించుకోండి. జేబు మీది గీత ఛాతీ మీది గీతతో కలవాలంటే టైలరు ముక్కను అటూ ఇటూ జరిపి కోసుకోవాలి. గుడ్డ చాలకపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

కాటన్ గుడ్డ తెచ్చిన రోజే టైలరు చేతిలో పెట్టకండి. రాత్రి మడతలు విప్పి బకెట్టు నీళ్లలో ముంచండి, సబ్బు వద్దు. పొద్దున పిండకుండా తీసి నీడన ఆరేసి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేయించి ఇవ్వండి. నేసేటప్పుడు పోగును లాగి పట్టి నేస్తారు, నీళ్లు తగలగానే అది ముడుచుకుంటుంది. నూటికి మూడు పాళ్లు ముడుచుకున్నా 75 సెంటీమీటర్ల చొక్కా పొడవులో రెండు సెంటీమీటర్లకు పైగా పోతాయి. ఆ పొడవు పోతే టక్ చేసి దాచుకుంటారు, చేయి పొట్టిదైతే మడుచుకుంటారు. 40 సెంటీమీటర్ల కాలరులో ఒక సెంటీమీటరు పోతే మాత్రం మెడ దగ్గర గుండీ పడదు. వెంకటగిరి వైపు మగ్గం గుడ్డ తెచ్చుకున్నా ఇదే పని. గుడ్డ అంచున శాన్ఫరైజ్డ్ అని అచ్చు ఉంటే మిల్లులోనే ముడుచుకునేట్టు చేసేశారని అర్థం. శాన్ఫర్డ్ క్లూయెట్ అనే అమెరికా ఆయన 1930లో పేటెంటు తీసుకున్న పద్ధతి అది, ఆ గుడ్డ నూటికి ఒక పాలు మించి తగ్గదు. పాలిస్టర్ గుడ్డకు నానబెట్టే శ్రమ లేదు. మన మే నెలలో దాన్ని తొడుక్కోవడమే శ్రమ.

ఇక కొలతలు. పాత చొక్కా ఒకటి ఆదికి, అంటే కొలత చూసుకోడానికి, పడేసి వచ్చేయడం మీకు సులువు, టైలరుకూ సులువు. అయితే ఆదిలో ఉన్న తప్పు కొత్తదాంట్లోనూ దిగుతుంది. ఒంటికే కొలతలు ఇవ్వండి. టేపు పెట్టగానే ఛాతీ పొంగించి, కడుపు లోపలికి లాక్కుని నిలబడకండి, రోజంతా అట్లా ఉండలేరు కదా. ఛాతీ కొలతకు నాలుగైదు అంగుళాలు వదులు ఉండాలి. గుండీ పెట్టాక కాలరులో ఒక వేలు ఆడాలి. రెండు వేళ్లు ఆడితే టై కట్టినప్పుడు కాలరు ముడతలు పడుతుంది.

భుజం ఎట్లా చూడాలో చెబుతాను. చేతిని పక్కకు భుజమెత్తు దాకా లేపండి. భుజం ఎముక చివర చిన్న గుంట పడుతుంది. అక్కడ వేలు పెట్టి, వేలు తీయకుండా చేయి దించండి. కుట్టు సరిగ్గా ఆ వేలి కింద ఉండాలి. అరంగుళం బయటికి జారితే ఆ చొక్కా మీ అన్నయ్యది అనిపిస్తుంది, లోపలికి వస్తే చేయి చాచినప్పుడల్లా వీపు మీద లాగుతుంది. చాలామందికి ఒక భుజం రెండోదానికన్నా కొంచెం దిగి ఉంటుంది, ఆ సంగతి టైలరుకు నోటితో చెప్పండి. రెడీమేడ్ అయినా ముందు భుజం చూసి, ఆ తరవాతే నడుము సంగతి.

కాలరు బకరం, అంటే కాలరు నిలబడడానికి లోపల వేసే గట్టి గుడ్డ, గురించి ఒక్క మాట. ఇప్పుడు ఎక్కువగా వేసేది వేడికి అతుక్కునే బకరం. నాసిరకమైతే నాలుగు ఉతుకులకే బంక అక్కడక్కడా ఊడి కాలరు మీద బుడగలు లేస్తాయి. ఎంత ఇస్త్రీ చేసినా పోవు. కుట్టుకూలిలో బేరమాడండి గానీ బకరం దగ్గర ఆడకండి.

ప్యాంటు దగ్గర పిల్లలు చేసే పెద్ద తప్పు, బొడ్డు దగ్గర కొలిపించుకుని తుంటి మీదికి దించి వేసుకోవడం. ఎక్కడ వేసుకుంటారో అక్కడే బెల్టు కట్టుకుని, ఆ చోటే కొలవమనండి. కుట్టాక అద్దంలో ముడతలు చదవండి. సీటు మీద అడ్డంగా గీతలు పడి, జేబులు చెవుల్లా తెరుచుకుంటే బిగువైంది. నిలువు మడతలు వేలాడుతుంటే వదులైంది. ఈ రెండూ నడుము వెనక కుట్టు విప్పి సరిచేయొచ్చు, బిగువైనదాన్ని మాత్రం లోపల గుడ్డ వదిలి ఉంటేనే. అందుకే కుట్టకముందే చెప్పండి, వెనక కుట్టులో రెండు పక్కలా ఒకటిన్నర అంగుళం, కింద మడతలో రెండు అంగుళాలు వదలమని. తొడల సందు నుంచి కిరణాల్లాగా గీతలు పోతుంటే లోతు చాలలేదు. దానికి మందు లేదు. పొడవు కొలిచేటప్పుడు ఆ ప్యాంటు మీద వేసుకోబోయే బూట్లే కాళ్లకు ఉండాలి. ముందు వైపు ప్యాంటు అంచు బూటు మీద ఆని ఒకే ఒక్క చిన్న మడత పడితే చాలు.

కోటు సంగతి. కొండమీద పెళ్లి అయితే పంచె కట్టుకుంటారు, ఆర్జిత సేవలకూ పంచో, పైజామా కుర్తానో ఉండాల్సిందే. కోటు పని పడేది కింద రిసెప్షన్‌లో, ఇంటర్వ్యూలో. ఏడాదికి రెండు సార్లకు మించి వేయనివాడు అద్దెకు తెచ్చుకున్నా తప్పులేదు. కొంటే మాత్రం నేవీ బ్లూ గానీ ముదురు బూడిద రంగు గానీ తీసుకోండి, నలుపు వద్దు. మన ఎండకు పలుచని ఉన్ని, లోపల సగం లైనింగ్ ఉన్నది మేలు. ఉన్ని అనగానే మొహం చిట్లించకండి. పలుచగా నేసిన ఉన్నిలోంచి గాలి ఆడుతుంది, పాలిస్టర్ కోటులో ఆడదు.

భుజం చివర చేయి మొదలయ్యే చోట గుంట పడినా, మెడ వెనక కోటు కాలరుకూ చొక్కా కాలరుకూ మధ్య సందు కనిపించినా ఆ కోటు వదిలేయండి. భుజం విప్పి కుట్టడమంటే సగం కోటు మళ్లీ కుట్టినట్టు. గుండీ పెట్టగానే కడుపు మీద ఇంటూ గుర్తులా గీతలు పడితే బిగువు, దాన్ని విప్పించొచ్చు. కోటు చేయి చివర చొక్కా కఫ్ అరంగుళం కనపడాలి. రెండు గుండీల కోటుకు పైది మాత్రమే పెట్టాలి, కూర్చునేటప్పుడు అదీ తీసేయాలి. కొత్త కోటు వెనక చీలిక మీద ఇంటూ ఆకారంలో కచ్చా కుట్టు ఉంటుంది, చేతి మీద కంపెనీ పేరు ముక్క ఉంటుంది, జేబులు కూడా కొన్నిసార్లు మూసి కుట్టి ఉంటాయి. దారిలో నలగకుండా వేసినవి అవి. చిన్న కత్తెరతో దారం మాత్రమే కోసి తీసేయండి. పేరు ముక్క చేతి మీద అట్లాగే పెట్టుకుని స్టేజీ ఎక్కే పెళ్లికొడుకులు ప్రతి ముహూర్తానికీ కనపడతారు.

బూట్లకు సాయంత్రం పోండి. పగలంతా తిరిగిన కాలు కొంచెం ఉబ్బి ఉంటుంది. ఇంటర్వ్యూకు వేసుకోబోయే సాక్సుతోనే తొడిగి చూడండి. మన అంగళ్లలో ఎక్కువగా నడిచేది ఇంగ్లండు సైజు, అందులో ఒక నంబరుకు అంగుళంలో మూడో వంతు తేడా, అంటే దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. వేళ్ల ముందు అరంగుళం ఖాళీ ఉంటే సరిపోయిందనుకుంటారు, అది సగం పరీక్షే. బొటనవేలి మొదట్లో పక్కకు పొడుచుకొచ్చే ఎముక బూటులో అన్నిటికన్నా వెడల్పైన చోట కూర్చోవాలి. అది ముందుకు పడితే బూటు వంగే చోటు వేరు, కాలు వంగే చోటు వేరు అవుతుంది. తోలు వెడల్పులో కొంచెం సాగుతుంది, పొడవులో సాగదు. రెక్సిన్ ఎటూ సాగదు. "వేసుకోగా సరిపోతుంది సార్" అని అంగడతను అంటే, ఎటు సాగాలో చూసుకుని నమ్మండి.

లేసు బూట్లలో రెండు రకాలు. లేసు కట్టే రెక్కలు ముందు భాగం కిందికి దూరి కుట్టి ఉంటే ఆక్స్‌ఫర్డ్, పైన విడిగా లేస్తుంటే డెర్బీ. మీగాలు ఎత్తుగా ఉన్నవాడికి ఆక్స్‌ఫర్డ్ రెక్కలు కలవక నోరు తెరుచుకుని ఉంటాయి, వాడు డెర్బీ తీసుకోవాలి. మనకు డెర్బీనే నయమనడానికి ఇంకో కారణం ఉంది. ఇంగ్లీషువాడు పొద్దున వేసిన బూటు రాత్రికి విప్పుతాడు. మనం ప్రతి గడప దగ్గరా విప్పుతాం. లేసు విప్పకుండా ఒక కాలితో ఇంకో కాలి మడమ తొక్కి లాగేస్తాం, మళ్లీ వేలు దూర్చి తోసేస్తాం. మడమ వెనక లోపల గట్టి అట్ట లాంటిది ఉంటుంది, అది ఒకసారి విరిగితే మళ్లీ నిలబడదు. బూటు చెప్పైపోతుంది. లేసు విప్పండి, డెర్బీ రెక్కలు విడిగా లేస్తాయి కాబట్టి కాలు సులువుగా బయటికి వస్తుంది. తొడిగేటప్పుడు షూహార్న్ లేకపోతే స్టీలు గరిటె కాడ పెట్టినా మడమ జారిపోతుంది.

పాలిష్ రెండు రకాలు, క్రీము తోలుకు మెత్తదనం, మైనం మెరుపు. ముందు బ్రష్‌తో దుమ్ము, తరవాత తడి పిండిన గుడ్డతో తుడుపు, ఆరాక రెండు శనగగింజలంత క్రీము బూటంతా రాసి, పది నిమిషాలాగి బ్రష్ కొట్టండి. మైనం ముందు ముక్కుకూ వెనక మడమకూ మాత్రమే. వేళ్ల దగ్గర వంగే చోట రాస్తే పెళుసై తెల్లగా పగుళ్లు తేలుతుంది. కార్తీకంలో వాన పట్టి తడిస్తే ఎండలో పెట్టకండి, తోలు బిరుసెక్కుతుంది. లోపల పాత పేపరు ఉండలు కుక్కి, రెండు గంటలకోసారి మార్చి, ఫ్యాను కింద పక్కకు పడుకోబెట్టండి. ఒకే జత వరసగా రెండు రోజులు వేయకపోతే చెమట ఆరి ఎక్కువ కాలం వస్తుంది.

అట్టపెట్టెలో రెండు మూడేళ్లు దాచిన జత ఉంటే దాన్ని నమ్మి పెళ్లికి బయల్దేరకండి. పాలియురిథేన్ అనే తేలికైన ప్లాస్టిక్‌తో చేసిన అడుగు అట్ట, అంటే సోల్, గాలిలోని తేమకే లోపల్లోపల విడిపోతుంది. పైన తోలు కొత్తదానిలాగే ఉంటుంది, నాలుగడుగులు వేయగానే అట్ట బెల్లంముక్కలాగా రాలిపోతుంది. వారం ముందే తీసి బొటనవేలితో అట్ట నొక్కండి. గోరు గుచ్చుకున్నా, పొడి రాలినా చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకుపోయి రబ్బరు అట్ట వేయించుకోండి. పెళ్లి రోజుల్లో ఆయన దగ్గరా జనం ఉంటారు, రెండు మూడు రోజులు పట్టొచ్చు.

మీ
తాత