పోలీసుకి పట్టిస్తానని బెదిరిస్తే పిల్లలు నేర్చుకునేదేమిటి? ఊరినీ మనుషుల్నీ పరిచయం చేయడంలో అపోహలు - వాస్తవాలు

ఆ వాయిస్ మెసేజి మళ్లీ వచ్చింది. "బోర్డరు దాటి పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగింది, జాగ్రత్త" అని. మర్నాడు ఒడిశాలోని రాయగడలో మా అంగన్‌వాడీకి సగం మంది పిల్లలే వచ్చారు. దింపడానికొచ్చిన తల్లులు గుమ్మంలోనే ఆగిపోయి, "దీదీ, ఈ వారం మా పిల్లల్ని సంతకీ పోస్టాఫీసుకీ తిప్పకండి, తెలీనోళ్లతో మాట్లాడించకండి" అన్నారు. వాళ్ల భయం నాకర్థమవుతుంది. చాలా ఇళ్లలో మగవాళ్లు పనులకి పై ఊళ్లు పోయారు, పిల్ల కనబడకపోతే పరుగెత్తాల్సింది ఆ తల్లి ఒక్కతే. ఆ మెసేజి ముందుకి తోసినవాళ్ల మీద మాత్రం నాకు జాలి లేదు. 2018 జూలై 1న మహారాష్ట్రలో ధూళే జిల్లా రాయిన్‌పాడలో సరిగ్గా ఇలాంటి పుకారే నమ్మి, అయిదుగురిని జనం కొట్టి చంపేశారు. చనిపోయినవాళ్లు ఊరూరా తిరిగి అడుక్కుని బతికే సంచార జాతి మనుషులు.

అపోహ: తెలియనివాళ్లతో మాట్లాడొద్దని నేర్పితే చాలు, పిల్ల భద్రం.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. పిల్లలు తప్పిపోయేది ఎక్కడ? మజ్జిగౌరమ్మ చైత్ర జాతరలో, స్టేషన్లో, సంతలో. అక్కడ ఉండేవాళ్లంతా తెలియనివాళ్లే కదా. ఎవరితోనూ మాట్లాడకూడదని నూరిపోసిన పిల్ల అక్కడ ఏ బల్ల కిందో దూరి కూర్చుంటుంది, పేరు పెట్టి పిలిచినా పలకదు. వెతికేవాళ్లు పక్కనుంచే వెళ్లిపోతారు.

దీనికి తోడు ఇంట్లో రోజూ జరిగే పాఠం ఒకటుంది. అన్నం తినకపోతే పోలీసుకి పట్టిస్తా, ఏడిస్తే డాక్టరు సూది పొడుస్తాడు, అల్లరి చేస్తే ఆ గడ్డం తాత సంచిలో వేసుకుపోతాడు. ఒకసారి పిల్లల్ని థానాకి తీసుకెళ్లాం. మా సెంటర్లో అల్లరికి పెట్టింది పేరైన నాలుగేళ్ల గుంటడు ఒకడున్నాడు. కానిస్టేబులమ్మ వంగి, నవ్వుతూ చెయ్యి చాపింది. వాడు గబుక్కున నా కొంగు వెనక్కి దూరి, "నాను అన్నం తినీసినాను!" అని కేక పెట్టాడు. ఆవిడతో సహా అందరం నవ్వాం. కానీ వాడే రేపు ప్లాట్‌ఫారం మీద తప్పిపోతే, దగ్గరికొచ్చే ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) మనిషిని చూసి ఏ వైపు పరిగెడతాడో ఆలోచించండి. రైళ్లలో, స్టేషన్లలో ఒంటరిగా కనబడే పిల్లల కోసం ఆర్పీఎఫ్ వాళ్లు 'నన్హే ఫరిస్తే' (చిన్నారి దేవదూతలు) అనే పేరుతో ప్రత్యేకంగా పనిచేస్తున్నారు. మనవాడు పట్టాల మీదికి పారిపోతే వాళ్లు మాత్రం ఏం చెయ్యగలరు?

ఇంకో సంగతి. పిల్లల మీద లైంగిక దాడులకి పెట్టే పోక్సో చట్టం కేసుల లెక్కలు ఎన్‌సీఆర్‌బీ (దేశంలో నేరాల లెక్కలు చూసే ప్రభుత్వ సంస్థ) ఏటా వేస్తుంది. అత్యాచారం కేసుల్లో తొంభై శాతం పైగా నిందితులు పిల్లలకి తెలిసినవాళ్లే. చుట్టాలు, ఇరుగుపొరుగు, ఇంటికొచ్చి పోయేవాళ్లు. కాబట్టి తెలియనివాడు దొంగ, తెలిసినవాడు దేవుడు అన్న పాఠం రెండు వైపులా తప్పే. "అమ్మకి చెప్పకు" అని ఎవరన్నా సరే, వచ్చి అమ్మకి చెప్పాలి. మా సెంటర్లో నేర్పేది ఇదే.

మరి తప్పిపోతే ఎవరి దగ్గరికి వెళ్లమనాలి? బట్టలు చూసి గుర్తుపట్టమనకండి. ఖాకీ చొక్కా పోలీసుకీ ఉంటుంది, ఆటో అబ్బాయికీ ఉంటుంది, మూడేళ్ల పిల్లకి తేడా ఏం తెలుస్తుంది? చోటు నేర్పండి. ముందు ఉన్నచోటే ఆగి గట్టిగా పిలవాలి. ఎవరూ రాకపోతే టికెట్ కౌంటరు, మందుల షాపు, గుడిలో ప్రసాదం అమ్మే బల్ల, ఇలా మనిషి కదలకుండా కూర్చునే చోటికి వెళ్లాలి. అదీ కనబడకపోతే, పిల్లల్ని వెంటేసుకున్న ఏ తల్లి దగ్గరికైనా పోవాలి. మేం దీన్ని ఆటలా ఆడిస్తాం: బల్ల వెనక ఒకరు కూర్చుంటారు, తప్పిపోయిన పిల్ల వచ్చి మాట్లాడాలి. మొదట్లో సిగ్గుపడి గోడకి అతుక్కుపోతారు, నాలుగు రోజులయ్యాక నాది నాది అని కొట్టుకుంటారు.

అపోహ: పెద్దల పేర్లు పిల్లల నోట రాకూడదు.

మీ నాన్న పేరేంటమ్మా అంటే "నాన్న". అమ్మ పేరు? "అమ్మ". ఇది పిల్లల తప్పు కాదు. ఇంట్లో భార్య భర్త పేరు పలకదు, పిల్ల పలికితే నానమ్మ కసురుతుంది. పేరు చివర గారు తగిలించండి, మీ ఇష్టం, కానీ అమ్మానాన్నల పూర్తి పేర్లూ వీధి పేరూ నోటికి రావాలి. ఫోన్ నంబరు పాటలా కట్టి పాడిస్తే నాలుగేళ్ల పిల్లలకి వచ్చేస్తుంది. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 మాత్రం పెద్దవాళ్లు గుర్తుంచుకోవాల్సింది.

అపోహ: డాక్టరు, పోలీసు బొమ్మలున్న చార్టు కొని గోడకి తగిలిస్తే పాఠం అయిపోయినట్టే.

చార్టులో డాక్టరు టై కట్టుకుని ఉంటాడు. మా పిల్లలకి తెలిసిన వైద్యం నీలం డబ్బా మోసుకొచ్చే ఏఎన్ఎం దీదీ, వెంట వచ్చే ఆశా దీదీ. అందుకే పిల్లల్ని ఊళ్లో నడిపించి చూపించండి. పిల్లలకి దారి గుర్తుండేది బోర్డులతో కాదు. బోరింగు, కాలవ మీది పలక, గుడి మెట్ల మీద పడుకునే కుక్క, ఇవీ వాళ్ల గుర్తులు. కుక్క రేపు అక్కడ ఉండకపోవచ్చు, అందుకే ఒక్కో మలుపుకి రెండు గుర్తులు చెప్పిస్తాను.

అపోహ: ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో కువి. తికమక పడతారు.

పడరు. మీ పేరు, మీ వీధి పేరు ఏ భాషలోనైనా ఒకటే.

అపోహ: సంచి మీద పేరు రాయిస్తే మంచిది.

వద్దు. వీధిలో పోయేవాడెవడైనా పేరు చదివి, చుట్టంలా పిలవొచ్చు. చీటీ మీద పేరూ నంబరూ రాసి లోపలి జేబులో పెట్టండి, నంబరు మారితే చీటీ మార్చండి. పోయినేడు అందరి చీటీలూ తీయించి ఫోన్లు చేసి చూశాను. రీఛార్జి లేక ఆగిపోయిన సిమ్ములే బోలెడు.