గుర్రం ఒకరిది, నేల ఇంకొకరిది: లివరీ యార్డుల్లో తాత్కాలిక కంచె ఖర్చు వెనుక కథ

ఇంగ్లండులో గుర్రం ఉన్నవారందరికీ నేల ఉండదు. అటువంటివారు నెలనెలా రుసుము చెల్లించి తమ గుర్రాన్ని లివరీ యార్డులో ఉంచుతారు. పూర్తి లివరీలో మేత, శుభ్రత, పర్యవేక్షణ అన్నీ యార్డే చూసుకుంటుంది. డీఐవై లివరీలో చోటు మాత్రం యార్డుది, చాకిరీ అంతా గుర్రం యజమానిది. గ్రాస్ లివరీలో దక్కేది పచ్చిక బయలు ఒక్కటే. ఈ మూడింటిలోనూ తరచూ తగవు తెచ్చేది తాత్కాలిక కంచె. ప్లాస్టిక్ గుంజలు, కరెంటు పారే టేపు, దానికి కరెంటు అందించే ఎనర్జైజర్ అనే పరికరం, దానికో బ్యాటరీ ఎవరు కొనాలి, గాలివానకు పడిపోతే ఎవరు నిలబెట్టాలి అన్న ప్రశ్నలు చిన్నవిగానే కనిపిస్తాయి గానీ, వాటి వేళ్లు చాలా లోతుకు పోయాయి.

పశువు పొరుగువాడి చేలో పడకుండా ఆపవలసిన బాధ్యత పశువును ఉంచుకున్నవాడిదేనని ఆంగ్ల న్యాయం ఎంతోకాలంగా చెబుతూ వచ్చింది. చేను గలవాడు కంచె వేసుకోలేదన్న సాకు సాధారణంగా చెల్లేది కాదు. దారితప్పిన పశువును అతడు పట్టి ఉంచుకోవచ్చు, బందెలదొడ్డికి తోలవచ్చు. 18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు చట్టాలతో ఉమ్మడి బీళ్లను విభజించినప్పుడు, వాటా దక్కినవారు తమ ఖర్చుతో, నిర్ణీత గడువులోగా కంచె వేసుకోవాలన్న షరతు సర్వసాధారణంగా ఉండేది. ఆ ఖర్చు భరించలేని చిన్న రైతులు కొందరు వచ్చిన వాటాను వచ్చినట్టే అమ్ముకున్నారు. కంచె ఖర్చు పేదవాడి చేతిలోని భూమిని జార్చగలదని తెలిపే ఈ చరిత్రను కేవలం పాత సంగతిగా కొట్టిపారేయలేము.

లివరీ అనే మాటకు మూలం పాత ఫ్రెంచిలో ఉంది. పెద్దిళ్లలో పరివారానికి బట్టలు, తిండి, వారి గుర్రాలకు మేత కొలిచి ఇచ్చే పద్ధతికి అది పేరు. తరువాత కూలికి గుర్రాలను మేపి ఉంచే పట్టణపు శాలలకు ఆ పేరే నిలిచింది. దీనికి సమాంతరంగా పల్లెల్లో అజిస్ట్‌మెంట్ అనే ఏర్పాటు ఉండేది. అది మన పుల్లరి వంటిదే: డబ్బు తీసుకుని ఇతరుల పశువులను తన గడ్డిలో మేయనివ్వడం. ఇప్పటి లివరీ యార్డు ఈ రెండింటి కలయిక. శాలను నడిపేవాడు గుర్రానికి సంరక్షకుడు. గడ్డిని అమ్మేవాడు ప్రధానంగా నేలకు యజమాని. కంచె విషయంలో యార్డు ఈ రెండు పాత్రల్లో ఏది పోషిస్తున్నదో తేల్చి చెప్పకపోవడమే తగాదాలకు ముఖ్య కారణమని నా అభిప్రాయం.

1984లో పాల ఉత్పత్తిపై యూరోపియన్ కోటాలు వచ్చాక, అదనపు రాబడి వెతుక్కోవలసి వచ్చిన పాడి రైతులకు లివరీ ఒక దారిగా కనిపించింది. కొట్టాలు సిద్ధంగా ఉన్నాయి, పొలాలూ ఉన్నాయి; అయితే ఆ పొలాల చుట్టూ ఉన్నది ఆవులకోసం వేసిన ముళ్లతీగ, గొర్రెలకోసం వేసిన వల. బెదిరితే పరుగెత్తే గుర్రానికి ముళ్లతీగ చర్మాన్ని చీల్చే ప్రమాదం, వల గిట్ట ఇరుక్కునే ప్రమాదం. రైతు దృష్టిలో పొలానికి కంచె ఉన్నట్టే, గుర్రం యజమాని దృష్టిలో లేనట్టే. ఆ తేడాను పూడ్చడానికి ముళ్లతీగకు కొంత ఇవతలగా కరెంటు టేపు లాగడం మొదలైంది. భయపడినవారే ముందుగా కొనడం సహజం కనుక, ఆ ఖర్చు చాలాచోట్ల గుర్రం యజమాని మీదనే పడింది.

ఆ టేపు పుట్టుకలోనూ ఒక గుర్రం ఉంది. 1930లలో న్యూజిలాండుకు చెందిన బిల్ గాలగర్, తన కారుకు ఒళ్లు రాసుకుంటున్న గుర్రాన్ని మాన్పించడానికి కారుకే స్వల్పంగా షాకు తగిలే ఏర్పాటు చేశాడని, ఆ ఆలోచనే కరెంటు కంచె వ్యాపారంగా పెరిగిందని చెబుతారు.

తరువాత అవసరమూ మారింది. వసంతకాలపు గడ్డిలోని చక్కెరలు ఎక్కువై లామినైటిస్ అనే బాధాకరమైన గిట్టల జబ్బు వచ్చే గుర్రాలకు గడ్డిని రోజుకు కొంత చొప్పున, కంచె జరుపుతూ ఇవ్వాలి. మరోవైపు, విడిగా మేత వేయకపోతే ఒక్కో గుర్రానికి సుమారు 0.5 నుంచి 1 హెక్టారు మంచి పచ్చిక కావాలని 2017 డిసెంబరులో ప్రభుత్వం ప్రచురించిన సంరక్షణ నియమావళి చెబుతోంది. అంత నేల లేని యార్డు తన బయలును ముక్కలు చేసి, ఒకదాన్ని మేపుతూ ఇంకొకదానికి విరామం ఇవ్వక తప్పదు. మొదటి కంచె ఒక గుర్రం ఆరోగ్యం కోసం, రెండవది యార్డు నేల నిర్వహణ కోసం. వస్తువు ఒకటే అయినా ప్రయోజనం వేరు. ఖర్చు ప్రయోజనాన్ని అనుసరించాలి. బయలును తానే విభజించి, ఆ టేపును మాత్రం అద్దెదారులు కొనుక్కోవాలనే యార్డు న్యాయంగా ప్రవర్తిస్తున్నదని నేను అనలేను.

కంచె దాటితే వచ్చే బాధ్యత ఇంకా బరువైనది. రోడ్డు పక్క భూమి గలవారికి, తమ పశువులు రోడ్డెక్కకుండా ఆపే బాధ్యత బాటసారుల పట్ల లేదని 1947లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. ఇంగ్లండు, వేల్స్‌లకు వర్తించే 1971 జంతు చట్టం ఆ మినహాయింపును తొలగించింది. ఆ చట్టం ప్రకారం జంతువు యజమాని మాత్రమే గాక, దానిని తన స్వాధీనంలో ఉంచుకున్నవారు కూడా సంరక్షకులే. 2003లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు వచ్చిన వ్యాజ్యంలో, రాత్రివేళ దేనికో బెదిరిన గుర్రాలు కరెంటు కంచెను, దాని వెనుకనున్న చెక్క కంచెను తోసుకుని రోడ్డు మీదికి పోయాయి; వాటిలో ఒకదాన్ని ఒక కారు ఢీకొంది. కంచె వేయడంలో నిర్లక్ష్యం లేకపోయినా నష్టపరిహారం తప్పదని ముగ్గురు న్యాయమూర్తులు, కాదని ఇద్దరు అన్నారు. కనుక పొలపు చుట్టుకంచెను గట్టిగా ఉంచడం యార్డు పనే అయినా, అది తెగిన రోజున గుర్రం యజమాని పూర్తిగా తప్పుకోగలడని చెప్పలేము.

ఇంగ్లండులో గుర్రాలను సవారీకి కిరాయికిచ్చే సంస్థలకు లైసెన్సు తప్పనిసరి, కేవలం లివరీ నడిపేవారికి కాదు. అందువల్ల కంచె ఖర్చును పంచే నియమం పైనుంచి రాదు. ఇద్దరి మధ్య రాసుకున్న ఒప్పందమే ఆధారం. బ్రిటిష్ హార్స్ సొసైటీ నమూనా ఒప్పందాన్ని అందుబాటులో ఉంచుతున్నా, చాలా యార్డులు ఇంకా నోటిమాట మీదే నడుస్తున్నాయి. నేలలో గుచ్చిన ప్లాస్టిక్ గుంజలు, టేపు కొన్నవారి సొత్తుగానే ఉంటాయి. యార్డు మారేటప్పుడు పీకి తీసుకుపోవచ్చు. కాంక్రీటులో పాతిన చెక్క కంచె మాత్రం, డబ్బు ఎవరు పెట్టినా, సాధారణంగా నేలలో భాగమై నేల యజమానికే చెందుతుంది. అటువంటి కంచెకు వాటా ఇవ్వమని అడిగిన యార్డుతో గుర్రం యజమాని ముందుగానే కాగితం రాయించుకోవడం అవసరం.